తీసేసిన చోటు

3 ఆగస్టు 2025, ఆదివారం

కింది వాటా బాలమణి ఆంటీ కూతురి రిసెప్షన్ వీడియో పట్టుకొచ్చి అమ్మకు చూపించింది. నాలుగేళ్ల కింద పోయిన అంకుల్ అందులో తెల్ల షేర్వానీ వేసుకుని స్టేజీ ఎక్కాడు. బిడ్డకూ అల్లుడికీ అక్షింతలు వేసి, అందరికీ దండం పెట్టి, మబ్బుల్లోకి వెళ్లిపోయాడు. కృష్ణానగర్‌లో ఎవడో చేసిచ్చాడట. రెండు ఫోటోలు ఇస్తే చాలట. అంకుల్ బతికున్నన్నాళ్లూ లుంగీ తప్ప ఇంకో బట్ట కట్టగా నేను చూడలేదు. పైగా అక్షింతలు వేసే చేతికి ఆరు వేళ్లున్నాయి. అలాంటివి ముందు నా కంటికే పడతాయి, ఏం చేస్తాం. బాగుంది ఆంటీ అని నోరు మూసుకున్నాను.

ఆమె వెళ్లాక అమ్మ అన్నం పెడుతూ అడిగింది.

"నువ్వు చేసేది గిసొంటి పనే గద బిడ్డా. మన ఓదెలును ఆ సినిమాల చూపియ్యరాదు?"

ఏ సినిమా అని అడగక్కర్లేదు. మా ఇంట్లో ఒకటే సినిమా. బస్టాండు సీను. హీరో హీరోయిన్లు మాట్లాడుకుంటుంటే వెనకాల టీ బంకు దగ్గర మా తమ్ముడు ఓదెలు ఉండాలి. పోయిన దసరాకు గల్లీలో పదకొండు మందిని వెంటేసుకుని మొదటాటకు తీసుకెళ్లాడు. అమ్మను ఒక పక్క, నన్ను ఒక పక్క కూర్చోబెట్టుకున్నాడు. ఇప్పుడొస్తా, ఇప్పుడొస్తా అంటూనే ఉన్నాడు. సీను అయిపోయింది. టీ బంకు వచ్చింది, వాడు రాలేదు.

చేస్తానమ్మా అన్నాను.

5 ఆగస్టు

ఒక సంగతి రాసి పెట్టుకోవాలి. ఆ షాట్ ఆఫీసులో నా చేతికి వచ్చినప్పుడు అందులో ఉన్నది వాడని నాకు తెలియదు. వెనకాల మనిషి కెమెరాలోకి చూస్తున్నాడు, తీసెయ్యండి అని డైరెక్టర్ గారి దగ్గర్నుంచి నోట్ వచ్చింది. తీసేశాను. తాళ్లు తీసేస్తాం, కరెంటు తీగలు తీసేస్తాం, మనుషుల్ని తీసేస్తాం. ఎనిమిదేళ్లుగా జూబ్లీహిల్స్ గ్రాఫిక్స్ ఆఫీసులో ఏసీ గదిలో కూర్చుని నేను చేసేది అదే. క్లీనప్ అంటారు. జూనియర్ ఆర్టిస్టుల మొహాలు ఎవరు చూస్తారు.

తెలియదు. అంతే.

9 ఆగస్టు, రాఖీ పౌర్ణమి

సెలవు తీసుకోమన్నారు. వద్దని ఆఫీసుకు వెళ్లాను. రోజంతా అందరి చేతులూ కనిపించాయి.

10 ఆగస్టు, ఆదివారం

మొదలుపెట్టాను. వాడివి పందొమ్మిది ఫోటోలు దొరికాయి. అందులో పన్నెండు నల్లద్దాలు పెట్టుకున్నవే. ఇంట్లో తాత పేరు పెట్టి ఓదెలు అని పిలిస్తే కృష్ణానగర్‌లో మాత్రం అరవింద్ అని చెప్పుకునేవాడు. ఓదెలు అంటే హీరో పక్కన ఎవడు నిలబెడతాడక్కా అనేవాడు. హీరో పక్కన ఎవడూ నిలబెట్టలేదు, వెనకాలే.

ఫోటోలు ఇచ్చి, ఏం కావాలో రాసి ఇస్తే ఏఐ మిషను మనిషిని తయారుచేస్తుంది. ఆఫీసులో ఈ ఏడాది నుంచి వాడుతున్నాం. సాయంత్రానికి ఓదెలు వచ్చాడు. చేతిలో టీ గ్లాసు, గీతల చొక్కా. టీ బంకు దగ్గర నిలబడి, ఒక గుక్క తాగి, పక్కకు వెళ్లిపోయాడు. కెమెరా వైపు కన్నెత్తి చూడలేదు. బుద్ధిమంతుడు.

భుజం ఒక్కటే తేడా వచ్చింది. చిన్నప్పుడు నీళ్ల ట్యాంకు మీంచి పడ్డ దగ్గర్నుంచి వాడి ఎడమ భుజం కాస్త కిందికి ఉంటుంది. మిషను దాన్ని సరిచేసేసింది. దించమని చెప్తే మనిషినే వంచేసింది. డెబ్బై ఏళ్ల ముసలాడిలా టీ తాగుతున్నాడు. నవ్వొచ్చింది. రెండు నెలల్లో మొదటిసారి.

13 ఆగస్టు

పద్నాలుగో వెర్షన్. భుజం కుదిరింది, నవ్వు పోయింది.

15 ఆగస్టు

సెలవు. పొద్దుణ్ణుంచీ కూర్చున్నాను. బస్టాండు షాట్ పక్కన పెట్టి వేరేవి చేస్తున్నాను. ప్రాక్టీసు కోసమే. వంటింట్లో గట్టు మీద కూర్చుని పప్పు గుత్తి నాకుతున్న ఓదెలు. మెట్లెక్కి వస్తున్న ఓదెలు. హెల్మెట్ పెట్టుకున్న ఓదెలు. గొంతు కూడా పెట్టి చూశాను, వాడు పంపిన వాయిస్ మెసేజీలున్నాయి కదా. 'అక్కా, చార్జర్ ఏడ పెట్టినవ్' అన్నాడు. ఇరవై సార్లు అనిపించాను.

హెల్మెట్ వాడే కొనుక్కున్నాడు, డెలివరీ పనికి చేరినప్పుడు. అది ఉండి కూడా జూన్ వానకు బోరబండ స్టేషన్ దిగువన బండి జారి చనిపోయాడు. నా వీడియోలో రోడ్డు పొడిగా ఉంది.

అన్నీ నేను చెప్పినట్టే చేస్తున్నాడు. జన్మలో ఎప్పుడైనా విన్నాడా నా మాట.

17 ఆగస్టు, ఆదివారం

ఇవాళ అమ్మకు బస్టాండు షాట్ చూపించాను. ఇరవై రెండో వెర్షన్. నా పని నేను పొగుడుకోకూడదు గానీ, అతుకు ఎక్కడుందో పట్టుకున్నవాడికి బిర్యానీ పెట్టిస్తాను. వెలుగు కలిసింది, నీడ కలిసింది, గ్లాసులోంచి ఆవిరి కూడా వస్తోంది.

అమ్మ కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూసింది.

"మంచిగున్నడు," అంది. "ఎవల పిలగాడు?"

వేళాకోళానికి అనలేదు. పక్కింటివాళ్ల పిల్లాణ్ణి చూపిస్తే ఎలా అంటుందో అలాగే అంది. ఓదెలేనమ్మా అన్నాను. మళ్లీ చూసింది. అవునవును అంది, నేను నొచ్చుకుంటానని. ఫోన్ నా చేతిలో పెట్టేసి కుట్టు మిషను దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఎవరో సైడ్ డ్యాన్సర్ల లంగాలు, మంగళవారానికి ఇవ్వాలట. దారం ఎక్కిస్తూ వెనక్కి తిరక్కుండానే అంది. "నేనడిగింది గిది కాదు బిడ్డా. సినిమాల నిలవడ్డ ఓదెలును అడిగిన."

అది లేదమ్మా అన్నాను. అమ్మ పెడల్ తొక్కడం మొదలుపెట్టింది.

ఇరవై రెండు వెర్షన్లు చేసి, కన్నతల్లి గుర్తుపట్టని కొడుకును తయారుచేశాను. సెభాష్ హిమజా.

18 ఆగస్టు

తెలుసు.

మొదటి ఫ్రేములోనే తెలుసు. మొహం గోరంత ఉంది, ఆ భుజం చూసి తెలుసుకున్నాను. నాకు తెలియకుండా ఎలా ఉంటుంది. వాణ్ణి చంకనేసుకుని పెంచిన దాన్ని. దగ్గరికి తెచ్చి చూశాను కూడా. తొంభై ఆరు ఫ్రేములు, నాలుగు సెకన్లు. ఒక్కొక్క ఫ్రేములో వాడి చుట్టూ గీత గీసి, వాడి మీద గోడ పరిచాను. తొంభై ఆరు సార్లు వాడి మొహం చూస్తూ చేశాను.

పైన ఐదో తారీకున రాసింది కొట్టెయ్యను. ఉండనీ.

20 ఆగస్టు

ఆఫీసులో అందరికీ మెయిల్ వచ్చింది. సర్వర్ నిండిపోయింది కాబట్టి పాత సినిమాల డేటా అంతా ఆగస్టు 31న తీసేస్తారట. లిస్టులో ఆ సినిమా ఏడోది.

అంటే షూటింగులో తీసింది తీసినట్టుగా ఉన్న షాట్, మేం చెయ్యి పెట్టకముందుది, అది కూడా పోతుంది. నిర్మాతల దగ్గర ఉండాలి గానీ ఆ కంపెనీ ఆఫీసుకు తాళం పడి ఆర్నెల్లయింది. వాడివి వేరే వీడియోలు ఉన్నాయి, లేక కాదు. అన్నిట్లోనూ హీరోలా నడుస్తాడు, మొహం మీద రంగులు పూసే ఫిల్టర్లు పెడతాడు. వాడు వాడిలా ఉన్నది ఆ నాలుగు సెకన్లలోనే. అమ్మ అడిగేది అదే.

మా టీమ్‌కు పెద్ద సృజన్ గారు. ఆయన ఒప్పుకుంటేనే పాత షాట్ తెరుస్తారు. తెరిస్తే, దాన్ని క్లీన్ చేసింది ఎవరో పేరు పక్కనే ఉంటుంది.

22 ఆగస్టు

అడగలేదు.

25 ఆగస్టు

అడగలేదు. సృజన్ గారు బిజీగా ఉన్నారు.

బిజీగా లేరు. క్యాంటీన్లో పక్కనే కూర్చుని, మీరు సరిగా తింటున్నారా హిమజ గారూ అని కూడా అడిగారు.

27 ఆగస్టు, వినాయక చవితి

మా రహమత్ నగర్ గల్లీలో మండపం పెట్టారు. పోయినేడు మైకు ఓదెలు చేతిలో ఉండేది. ఈసారి పాటలు తక్కువ సౌండుతో పెట్టారు. మా ఇంటి కోసమే అని తెలుస్తూనే ఉంది. అమ్మ కిటికీ లోంచి పిల్లల్ని పిలిచి, సౌండు పెంచుండ్రి అని చెప్పింది.

ఇంకొకటి రాయాలి. ఇది రాస్తే ఇక రాయడానికి ఏమీ ఉండదు.

ఆ రోజు వాణ్ణి తీసెయ్యకుండా కూడా చెయ్యొచ్చు. కళ్లు పక్కకు తిప్పితే సరిపోయేది. మనిషి మనిషిలాగే ఉంటాడు, చూపు ఒక్కటి కెమెరా మీంచి టీ బంకు మీదికి పోతుంది. రెండ్రోజుల పని. సృజన్ గారిని అడిగితే ఇచ్చేవారు. నేను అడగలేదు. మధ్యాహ్నం భోజనం చేసి మొదలుపెట్టి ఐదున్నరకు ముగించాను. డైరెక్టర్ గారు సూపర్ అని రాశారు. ఇంటికొచ్చాను. వాడు తలుపు తీశాడు. అక్కా, నా సినిమా మీ ఆఫీసుకొచ్చిందంట గదా అన్నాడు. మా ఆఫీసుకు వంద సినిమాలొస్తాయి, నాకేం తెలుసు అన్నాను.

బద్ధకంతో కాదు. కోపంతో చేశాను. ఐటీఐ సగంలో వదిలేసి, పొద్దున ఐదింటికి కృష్ణానగర్ సెంటర్లో జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు కళ్లలో పడాలని నిలబడేవాడు. మూడేళ్లు అలాగే. ఎండలో నిలబెట్టి సాయంత్రం పొమ్మంటారు. ఒక్క మాట చెప్పే వేషం లేదు. చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది. తెర మీద ఒక్కసారి కనబడ్డాడంటే ఆ పిచ్చి ఇక వదలదు అనుకున్నాను. కనబడకపోతే విసుగొచ్చి మానేస్తాడు, ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటాడు.

మానేశాడు. థియేటర్ నుంచి వచ్చిన నెలలోపే డెలివరీ పనికి చేరాడు. నేను కోరుకున్నట్టే జరిగింది. స్వీటు బాక్స్ తెచ్చింది కూడా నేనే.

28 ఆగస్టు

అడిగాను.

సృజన్ గారిది భీమవరం. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆ షాట్ ఎందుకని అడిగితే, అందులో ఉన్నది మా తమ్ముడు అని చెప్పాను. ఆయన షాట్ తెరిచారు. పక్కన నా పేరు, తారీకు, ఒకే ఒక్క వెర్షన్, దాని కింద డైరెక్టర్ మెచ్చుకోలు. చదివారు. నా వైపు తిరగలేదు.

"మీకప్పుడే తెలుసా అండీ?"

తెలుసన్నాను. ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు. ఒక్క మాట చెప్పి ఉంటే వేరేవాళ్లకు ఇచ్చేవాణ్ణి కదా అన్నారు. వేరేవాళ్లైనా తీసేసేవాళ్లే కదా అన్నాను. తీసేసేవాళ్లు అని ఒప్పుకున్నారు.

తర్వాత ఉన్నది ఉన్నట్టు చెప్పారు. షాట్ బయటికి ఇస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. సర్వర్ విషయం ఆయన చేతిలో లేదు, ఆదివారం పోయేది పోతుంది. "అమ్మగారిని శనివారం ఇక్కడికే తీసుకురండి. ప్రివ్యూ రూమ్ నేను తెరిచి ఉంచుతాను. పెద్ద తెర మీద చూస్తారు," అన్నారు.

ఒక్కసారి చూడ్డం. ఆ తర్వాత ఉండదు. ముందు అమ్మకు ఇదంతా చెప్పాలి. ఎవరు తీసేశారని అడగదా? అడుగుతుంది. ఉన్న ఒక్క కొడుకును కూతురే చెరిపేసిందని తెలిశాక నా చేతి అన్నం తింటుందా?

29 ఆగస్టు, శుక్రవారం

పొద్దున్నే చెప్పేశాను. టీ పెట్టి ఇచ్చి, అమ్మ గుక్క తాగేలోపే చెప్పాను, లేకపోతే మళ్లీ దాటేస్తానని. సినిమాలోంచి వాణ్ణి తీసేసింది నేనే అన్నాను. తెలిసే తీసేశానన్నాను. ఎందుకు తీసేశానో కూడా చెప్పాను. నా గొంతు నాకే ఆఫీసు మీటింగులో మాట్లాడుతున్నట్టు వినిపించింది.

అమ్మ టీ తాగింది. గ్లాసు కింద పెట్టింది.

"ఎరికే," అంది.

నాకు అర్థం కాలేదు.

"సినిమా చూసొచ్చిన నాడే చెప్పిండు వాడు. అమ్మా, గిది అక్క పనే అన్నడు. వేరేటోళ్లు తీస్తే ఏడనన్న ఒక మరక ఉంటదట, నీడన్న ఉంటదట. గంత సాఫ్‌గ తీసుడు మా అక్కకు తప్ప ఇంకెవ్వలకు రాదు అన్నడు. మల్ల రెండు రోజులకు దోస్తులను తీస్కపోయి చూపిచ్చిండు. గీ సీన్ల నేనున్న, మా అక్క తీసేసింది, ఏడున్ననో చెప్పుండ్రి అని పందెం కట్టిండట. ఒక్కడు సుత చెప్పలే."

అమ్మ నవ్వుతోంది. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నా నవ్వుతోంది. మరి నాకెందుకు చెప్పలేదని అడిగితే, వాడే వద్దన్నాడట. అక్కకు తెలిస్తే పరేషాన్ అయితది, నిద్ర పోదు, జర నోరు మూసుకో అన్నాడట. ఎనిమిది నెలల పాటు ఇద్దరూ కలిసి నా ముందు నోరు మూసుకున్నారు. ఇంట్లో గుట్టు దాచేది నేనొక్కదాన్నే అనుకున్నాను.

అందుకే మానేశాడా అని అడిగాను. అదొక్కటి అడక్కపోతే నేను బతకలేను.

అమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "గది నేను చెప్పలేను బిడ్డా. బాధయితే పడ్డడు. పడలేదని నీకు అబద్ధం ఎందుకు చెప్పాలె. ఆ రాత్రి అన్నం తినలే. ఎండల నిలవడి నిలవడి వానికే యాష్టకొచ్చింది అని సుత అన్నడు. ఏది నిజమో వానికే ఎరిక."

నాకు ఏదో ఒకటి కావాల్సింది. కాదు అన్నా సరే, నీవల్లే అన్నా సరే. అమ్మ ఆ రెండూ ఇవ్వలేదు. నా గ్లాసులో టీ చల్లారిపోతే తీసుకెళ్లి మళ్లీ వేడి చేసి తెచ్చింది.

మరి తెలిసి తెలిసి ఆ సినిమాలోదే కావాలని నన్నెందుకు అడిగావమ్మా అన్నాను. అమ్మకు నా ప్రశ్నే వింతగా తోచింది.

"తీసినదాన్ని నువ్వు పారేస్తవా? జాకిట్ల కత్తిరిచ్చిన ముక్కనే నేను పారెయ్య. ఏడనో దాసిపెట్టి ఉంటవ్ అనుకున్న."

30 ఆగస్టు, శనివారం

అమ్మ పట్టుచీర కట్టింది. ఆటోలో జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ ముప్పై ఆరుకు వెళ్లాం. గేటు దగ్గర సెక్యూరిటీ ఫోన్లు తీసుకుని కెమెరాల మీద స్టిక్కర్లు అతికించాడు. అమ్మ ఫోనుకు కెమెరా పగిలి ఏడాదైంది, దానికీ అతికించాడు.

సృజన్ గారు నమస్కారం పెట్టి, రండమ్మా అని లోపలికి తీసుకెళ్లారు. పన్నెండు సీట్ల గది. అమ్మను మధ్య వరసలో కూర్చోబెట్టారు. ఏది నొక్కితే ఏమొస్తుందో నాకు చెప్పి, నేను బయట ఉంటానండీ అని తలుపు వేసి వెళ్లిపోయారు.

నేను చెయ్యి పెట్టకముందుది వేశాను.

హీరో మాట్లాడుతున్నాడు, హీరోయిన్ వింటోంది. ఆ ఇద్దరి మధ్య సందులో, టీ బంకు పక్కన, గీతల చొక్కాలో ఓదెలు. ఇంత పెద్ద తెర మీద వాణ్ణి నేనూ చూడలేదు. గ్లాసు ఎత్తాడు, ఊదాడు, తాగబోయి ఆగాడు. సూటిగా చూశాడు. ఎవరో పిలిస్తే చూసినట్టు. ఎడమ భుజం కిందికే ఉంది. నాలుగు సెకన్లు.

"చూడకురా అంటే చూస్తడు," అంది అమ్మ. "చిన్నప్పటి సంది గంతే."

మళ్లీ వెయ్యమంది. వేశాను. ఎన్నిసార్లు వేశానో లెక్కపెట్టలేదు. ఒకసారి అమ్మ ఊ అంది, వాడేదో చెప్తే వింటున్నట్టు. ఒకసారి చెయ్యెత్తి మళ్లీ దించుకుంది. చివరికి చాలు అంది. నేను ఆపబోతుంటే అడిగింది. "నువ్వు తీసినంక ఎట్లుందో గది సుత పెట్టు."

వద్దమ్మా అన్నాను. పెట్టమంది.

పెట్టాను. అదే హీరో, అదే హీరోయిన్. టీ బంకు, పక్కన సున్నం రాలిన గోడ, గోడ మీద చిరిగిన పోస్టరు. ఆ గోడ నేను చేసిందే. అమ్మ ముందుకు వంగింది. షాట్ తిరిగి తిరిగి వస్తోంది. అమ్మ కళ్లద్దాలు తీసింది, తుడిచింది, పెట్టుకుంది. లేచి తెర దగ్గరికి వెళ్లింది. మా అమ్మ నా పని చూడటం ఇదే మొదటిసారి.

"గీడనే గద వాడున్నది?" అని వేలు పెట్టింది.

అక్కడ కాదు.

"మరి గీడనా?"

అక్కడా కాదు. ఇప్పుడే పదిసార్లు చూసింది, అయినా దొరకలేదు. అమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"వాడు అన్నది నిజమే," అంది. "కన్నదాన్ని, నాకే దొరుకుత లేడు."

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. జూన్ నుంచి రానిదంతా వచ్చింది. అమ్మ నా దగ్గరికి రాలేదు, గోడలో వెతుకుతూనే ఉంది. నేనే లేచి వెళ్లాను. వెతకక్కర్లేదు నాకు, తొంభై ఆరు ఫ్రేముల్లోనూ వాడెక్కడున్నాడో నా చేతికి తెలుసు. పోస్టరు అంచుకు రెండు జానలు ఎడమగా, గోడ మీద అరచెయ్యి ఆనించాను.

"ఇక్కడమ్మా," అన్నాను.

అమ్మ తన చెయ్యి తెచ్చి నా చెయ్యి పక్కన పెట్టింది.